పసుపు తీగ

"బ్యాటరీ పాతదైపోయిందమ్మా, మార్చాలి" అన్నాడు నాన్న ఫోన్‌లో.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున. హైదరాబాద్‌లో నా రూమ్‌లో నేనింకా పక్క మీదే ఉన్నాను. నాలుగేళ్లు నిండిన బ్యాటరీ, నిజమేలే అనుకున్నాను. ఏది కొనాలో ఆన్‌లైన్‌లో చూసి చెప్తానన్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ నిద్రపోయాను కూడా.

గంట తర్వాత అమ్మ చేసింది. అసలు సంగతి అప్పుడు తెలిసింది.

రాత్రి రెండున్నరకి ఎదురింటి అక్కకి నొప్పులు మొదలయ్యాయట. డాక్టర్ చెప్పిన డేట్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. వాళ్లాయన 108కి ఫోన్ చేయబోతుంటే నాన్నే ఆపాడట. "ఇంటి ముందు బండి పెట్టుకుని ఇంకోదాని కోసం చూడ్డం ఎందుకు, పదండి" అన్నాడట. అక్కని మధ్య సీట్లో పడుకోబెట్టారు. వాళ్లమ్మ తల దగ్గర కూర్చుంది. నాన్న తాళం తిప్పాడు.

టక్. టక్ టక్ టక్. అంతే, ఇంకేం లేదు.

వీధిలో వాళ్లని లేపారు. ఆరుగురు మగాళ్లు లుంగీలు ఎగ్గట్టి వర్షం బురదలో తోశారు. అక్క లోపలే ఉంది. రెండో గేర్‌లో పెట్టి క్లచ్ వదిలితే మొదటిసారి ఒక్క కుదుపు ఇచ్చి ఆగింది. రెండోసారీ అంతే. రామాలయం మలుపు దగ్గర మూడోసారి అందుకుంది. విజయవాడ చేరేసరికి మూడు ముప్పావు. ఆరింటికి పాప పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

"నీకు చెప్పొద్దన్నాడు మీ నాన్న" అంది అమ్మ.

"ఎందుకు చెప్పొద్దూ?"

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు పైన బిగించావు చూడు, ఆ డబ్బా. అదే బ్యాటరీ తాగేసి ఉంటదని మన ఊరి మెకానిక్ కుర్రాడు అన్నాడులే. వాడికేం తెలుసు అని మీ నాన్న కసిరాడు" అంది.

వాడికి తెలుసు. తెలియనిది నాకే. నేను బీటెక్ ట్రిపుల్ ఈ.

*

ఆ డబ్బా సంగతి చెప్పాలంటే ముందు బండి సంగతి చెప్పాలి. మాది 2003 క్వాలిస్, డీజిల్. నాన్న దాన్ని 2009లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మన దేశంలో ఆ బండి అమ్మింది గట్టిగా ఐదేళ్లే, 2000లో వచ్చి 2005కల్లా ఆగిపోయింది. అయినా మా వైపు ఇంకా పెళ్లిళ్లకీ తిరుపతికీ అదే తిరుగుతుంటుంది. మాది నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. పదిహేనేళ్లు నిండినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకి ఇంకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాడు. "అమ్మేసి చిన్న కారు కొను నాన్నా" అని నేనంటే, "ఇందులో పడుకోవచ్చు" అంటాడు. ఆయన లెక్క అది.

మూడేళ్ల క్రితం శ్రీశైలం వెళ్తుంటే డోర్నాల దాటాక ఘాట్‌లో బానెట్ నుంచి ఆవిరి వచ్చింది. రేడియేటర్ పైపు చిట్లి నీళ్లన్నీ పోయాయి. డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మాత్రం సగం దగ్గర హాయిగా కూర్చుంది. అది ఎప్పటి నుంచి అలా కూర్చుందో ఎవరికీ తెలీదు. అంత తిరిగిన బండి ముల్లుని తిట్టడానికి నోరు రాదు కానీ, హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజిన్ దింపి ఎక్కించేసరికి ముప్పై వేల దాకా అయింది. (కంగారులో నాన్న తువ్వాలు పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతే వెనక లారీ డ్రైవర్ అరిచి ఆపాడు. ఇంజిన్ కాగి ఉన్నప్పుడు ఆ మూత ముట్టుకోకండి. లోపల ప్రెషర్ మీద ఉన్న నీళ్లు మూత వదులవగానే ముఖం మీదకే వస్తాయి.)

ఆ తర్వాత నాన్నకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. దూరం బాగా కనిపిస్తుంది. దగ్గరవి చూడాలంటే అద్దాలు కావాలి. స్టీరింగ్ సందులోంచి ఆ చిన్న చిన్న మీటర్లు చూడ్డం కష్టంగా ఉందని ఒకసారి మాటవరసకి అన్నాడు. అప్పుడే నాకు ఐడియా వచ్చింది.

ముందు అద్దం పైన, రూఫ్‌కి బిగించే డిస్‌ప్లే కన్సోల్ అని ఒకటి దొరుకుతుంది. పెద్ద పెద్ద అంకెలు. టైము, బ్యాటరీ వోల్టేజీ, బయట ఎండ ఎంత, ఇంజిన్ నీళ్ల వేడి ఎంత, బండి ఏ దిక్కుకి పోతోంది. మన పాత బండ్లలో ఇలాంటివి ఉండేవి కావు కానీ, అమెరికాలో అమ్మిన కొన్ని జీపుల్లో, వ్యాన్లలో 90ల్లోనే కంపెనీ నుంచే పైన దిక్సూచీ, బయటి ఉష్ణోగ్రతా చూపించే డబ్బా వచ్చేది. నేను కొన్నది అలాంటిదానికి చవక చుట్టం. రెండు వేల మూడు వందలు. దాంతో పాటు రెండు సెన్సర్లు: ఒకటి ముందు గ్రిల్ వెనక గాలి తగిలేచోట కట్టేది, ఇంకోటి రేడియేటర్ పై పైపుని కోసి మధ్యలో టీ-జాయింట్ పెట్టి బిగించేది.

పెట్టెలో ఒక కాగితం. ఇంగ్లీషే, కానీ ఎక్కడో తిరగబడి వచ్చిన ఇంగ్లీషు. నల్ల తీగ భూమికి. తెల్ల తీగ రాత్రికి. ఎర్ర తీగ తాళానికి. పసుపు తీగ జ్ఞాపకానికి.

చదివి పడీ పడీ నవ్వాను. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టాను. పసుపు తీగ జ్ఞాపకానికట!

*

నాలుగేళ్లు చదివింది కరెంటు గురించే కదా, నాలుగు తీగలు కలపలేనా అనుకున్నాను. మా చదువులో ఎరుపు, పసుపు, నీలం అంటే మూడు ఫేజులు. ఎరుపూ పసుపూ రెండూ కరెంటు తీగలే. బండిలో లెక్క వేరు. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే చోటు నుంచి రావాలి, అది టైమునీ సెట్టింగుల్నీ గుర్తుపెట్టుకోవడానికి మాత్రమే. జ్ఞాపకం అంటే మెమరీ. ఎరుపు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటు నుంచి రావాలి, అదే డబ్బాని నిద్ర లేపేది, నిద్ర పుచ్చేది. కార్ స్టీరియో బిగించే ఏ కుర్రాణ్ణి అడిగినా ఒక్క ముక్కలో చెప్పేవాడు. నేను అడగలేదు.

మేలో వారం సెలవు పెట్టి ఇంటికెళ్లాను. వేపచెట్టు కింద బండి పెట్టించి మొదలుపెట్టాను. రూఫ్ లైనింగ్ కాస్త ఊడదీయగానే ఇరవై ఏళ్ల దుమ్ము నా తల మీద పడింది. డబ్బా బిగించే స్క్రూలు మాత్రం జాగ్రత్తగానే పెట్టాను. అక్కడ స్క్రూ అర అంగుళం పొడవు ఎక్కువైతే పైన రేకుకి చిల్లు పడుతుంది, వానకి కారుతుంది. అది ఆలోచించాను. ఆ శ్రద్ధ తీగల దగ్గర ఎటు పోయిందో మరి.

తాళం తిప్పితే కరెంటు వచ్చే చోటు వెతకాలంటే స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్స్ దగ్గర బోర్లా పడుకోవాలి. ఎండ నలభై మూడు. ఒకసారి దూరి చూశాను, మెడ పట్టేసింది. ఎందుకొచ్చిన గోల అని బ్యాటరీ నుంచే ఒక తీగ లాగాను. ఇంజిన్ గోడలో రబ్బరు బుష్ ఉన్న రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, ముందు అద్దం పక్కన స్తంభంలా ఉంటుంది చూడండి, దాని ప్లాస్టిక్ మూత వెనకగా రూఫ్‌కి ఎక్కించాను. పైన ఎరుపూ పసుపూ రెండిటినీ మెలి తిప్పి దానికే కలిపి, నల్ల టేపు చుట్టేశాను. డబ్బాతో వచ్చిన ఫ్యూజ్ కూడా అక్కడే, డబ్బా పక్కనే పెట్టాను. చూడ్డానికి నీట్‌గా ఉంది.

వెలిగింది. నీలం రంగులో అంకెలు. 12.5 అని వోల్టేజీ. అమ్మ వచ్చి చూసి, "బాగుందే, ఫ్లైట్ లాగా" అంది. తను ఫ్లైట్ ఎక్కలేదు.

తాళం తీసినా డబ్బా ఆరడం లేదని నాకు అప్పుడే తెలుసు. దానికి పక్కనొక బటన్ ఉంది, నొక్కితే స్క్రీన్ చీకటవుతుంది. "బండి ఆపినప్పుడల్లా ఇది నొక్కు నాన్నా" అన్నాను. నాన్న నొక్కాడు. ప్రతిసారీ, మర్చిపోకుండా, దీపం కొండెక్కించినంత భక్తిగా నొక్కాడు. స్క్రీన్ చీకటైంది కానీ లోపల డబ్బా మెలకువగానే ఉంది. రోజూ బండి తీస్తున్నంత కాలం ఆ లోటు ఇంజిన్ పూడ్చేసేది. ఆగస్టులో నాన్నకి వైరల్ జ్వరం వచ్చి పదకొండు రోజులు బండి తీయలేదు. పన్నెండో రాత్రి ఎదురింటి అక్కకి నొప్పులొచ్చాయి.

*

అమ్మ ఫోన్ పెట్టేశాక నేను మళ్లీ నాన్నకి చేయలేదు. ఏం మాట్లాడాలో తెలీలేదు. శుక్రవారం రాత్రి బస్సెక్కాను. బ్యాగులో బట్టలకంటే ముందు మల్టీమీటర్ పెట్టుకున్నాను.

శనివారం పొద్దున్నే బానెట్ ఎత్తాను. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, దానికీ తీగకీ మధ్యలో మీటర్‌ని పది యాంపియర్ల దగ్గర పెట్టి కలిపాను. బండి ఆపి ఉంది, తలుపులన్నీ వేసి ఉన్నాయి, స్క్రీన్ చీకటిగా ఉంది. (ఇలా చేసేటప్పుడు పొరపాటున కూడా స్టార్ట్ చేయకండి, మీటర్ ఉండదు.) ఏ బండైనా నిద్రలో ఉన్నప్పుడు 0.05 యాంపియర్ లోపు తాగితే ఫర్వాలేదంటారు. మాది 0.15 చూపించింది. డబ్బా ఫ్యూజ్ పీకాను. 0.01కి పడిపోయింది.

అంటే డబ్బా ఒక్కటే 0.14. వినడానికి ఏమీ కాదు. ఇరవై నాలుగు గంటలకి గుణిస్తే రోజుకి 3.36 యాంపియర్ అవర్. పదకొండు రోజులకి 37. బ్యాటరీ మీద రాసి ఉన్నది 65. అది కొత్తలో మాట, నాలుగేళ్లయ్యాక అంత పట్టదు. అరుగు మీద కూర్చుని ఫోన్ కాలిక్యులేటర్‌లో ఈ లెక్క చేశాను. రెండో సెమిస్టర్ పిల్ల చేసే లెక్క. మేలో చేసి ఉంటే ఒక్క నిమిషం పట్టేది.

నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఏంటంటే, ఆ డబ్బాలో వోల్టేజీ కనిపిస్తుంది. నిండు బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 చూపిస్తుంది. 12.2 అంటే సగం అయిపోయినట్టు. 12 కంటే తగ్గితే ఇక అనుమానమే. ఇంజిన్ తిరుగుతుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటర్ చార్జ్ చేయడం లేదని అర్థం. ఇవన్నీ నాన్నకి నేనే ఒక కాగితం మీద రాసిచ్చాను. తనే తాగుతూ, ఎంత మిగిలిందో తనే చూపించే డబ్బాని మా నాన్న నెత్తి మీద పెట్టి వెళ్లాను. స్క్రీన్ ఆర్పేయమని చెప్పింది కూడా నేనే.

నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. మీటర్ వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

"డబ్బా వల్లే నాన్నా" అన్నాను.

"బ్యాటరీ కూడా పాతదేలే."

"బ్యాటరీ బాగానే ఉంది. తప్పు నాది."

"పాప మూడు కేజీలుందంట" అన్నాడు.

కాఫీ అయ్యాక, "పీకేద్దాం నాన్నా దాన్ని" అన్నాను. ఆయన వెంటనే, "ఎందుకు పీకడం? నీళ్ల వేడి తెలుస్తోంది కదా. ఆటోనగర్ పోదాం, భాయ్‌కి చూపిద్దాం" అన్నాడు.

*

విజయవాడ ఆటోనగర్ చూడనివాళ్లకి దాన్ని చెప్పడం కష్టం. లారీ బాడీలు కట్టేవాళ్లు, స్ప్రింగ్ పట్టీలు సాగదీసేవాళ్లు, రేడియేటర్లకి మాట్లు వేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు. ఒక్కో వీధి ఒక్కో శబ్దం. భాయ్ షెడ్డు లోపలికి ఉంటుంది. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా బండ్ల కరెంటు పనే. నాన్న కంటే పెద్ద, అందుకని నాన్న కూడా "మీరు" అంటాడు.

ఆయన ముందు ఏమీ విప్పలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని డబ్బాని కాసేపు చూశాడు.

"ఎవరు బిగించారు?"

నాన్న నోరు తెరిచేలోపు, "నేనే బాబాయ్ గారూ" అన్నాను.

"చదువుకున్నావా?"

"ట్రిపుల్ ఈ అండి."

ఆయన తల ఊపాడు. ఆ ఊపులో వెక్కిరింపు లేదు, అయ్యో అన్నట్టుంది, అదింకా కష్టంగా ఉంది. సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని అద్దం పక్క ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. నేను వేసిన తీగని రెండు వేళ్లతో పట్టుకుని పైనుంచి కిందకి నెమ్మదిగా వచ్చాడు. మధ్యలో ఆగాడు.

"ఇటు రా తల్లీ."

మూతని పట్టి ఉంచే ఇనప క్లిప్ ఒకటుంది. నేను మూత నొక్కి బిగించినప్పుడు తీగ దాని కింద నలిగింది. మూడు నెలల కుదుపులకి పైన ప్లాస్టిక్ తెగి రాగి కనపడుతోంది. గోరంత. ఆ క్లిప్ తగులుకున్నది బండి బాడీకి, అంటే నెగటివ్‌కి. రాగి దానికి తాకడానికి వెంట్రుకంత దూరం ఉంది.

"ఫ్యూజ్ ఉంది కదండీ" అన్నాను. గొంతు నాకే వినపడలేదు.

"ఎక్కడుంది?"

పైన ఉంది. డబ్బా పక్కన. నేను నీట్‌గా పెట్టానని చెప్పిన చోట.

ఇక ఆయన చెప్పక్కర్లేదు. ఫ్యూజ్ కాపాడేది డబ్బాని కాదు, తీగని. బ్యాటరీ నుంచి బయల్దేరిన జానెడు లోపే అది ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య తీగ ఎక్కడ నేలకి తగిలినా దాన్ని ఆపేవాళ్లెవరూ ఉండరు. స్టార్టర్ తిప్పడానికి వందల యాంపియర్లు ఇవ్వగల బ్యాటరీ అది. అదంతా దారం లాంటి తీగలోంచి వెళ్తే తీగ ఎర్రగా కాలుతుంది, పక్కనున్న ఇరవై ఏళ్ల ఎండు లైనింగ్ అంటుకుంటుంది. ఇది నేను పరీక్షల్లో రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

ఆ రాత్రి ఆ బండిలో నొప్పులు పడుతున్న మనిషిని తీసుకుని ముప్పై కిలోమీటర్లు వెళ్లారు, గుంతల రోడ్డులో. ఆటోనగర్ మధ్యలో నిలబడి నాకు అదే కళ్ల ముందు ఆడింది. నాన్న ఆ రాగి ముక్కని చూశాడు. ఏమీ అనలేదు. వెళ్లి మూడు టీలు చెప్పి వచ్చాడు.

*

భాయ్ పని చేసి పెట్టలేదు. నాతో చేయించాడు. "నువ్వు పాడు చేసింది నువ్వే బాగు చెయ్యి, లేకపోతే భయం పోదు" అన్నాడు. మధ్యాహ్నం రెండింటి దాకా పట్టింది.

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పించాడు. నా తీగ మొత్తం లాగి పారేయించాడు. నల్ల టేపు చుట్టిన చోట వేలు పెట్టి చూపించాడు. ఎండకి జిగురు కరిగి, టేపు పక్కకి జారి, కీళ్లు బయటపడి ఉన్నాయి. మూసి ఉన్న బండిలో వేసవిలో అరవై డిగ్రీలు దాటుతుంది, రూఫ్ కింద ఇంకా ఎక్కువ. మామూలు ఇంటి టేపు అక్కడ నిలవదు. కొత్త తీగలకి బట్ట లాంటి టేపు చుట్టించాడు, కంపెనీ తీగలకి ఉంటుంది చూడండి, అదే.

కీలు దగ్గర నేను సోల్డర్ చేస్తానన్నాను, కాలేజీలో అది బాగా వచ్చు. వద్దన్నాడు. టీవీ కదలదు, బండి కదులుతుంది. సోల్డర్ ఆగిపోయిన చోట తీగ బిరుసెక్కి, కుదుపులకి అక్కడే తెగుతుందట. గొట్టంలో తీగలు దూర్చి క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగించాడు. నొక్కాక లాగి చూడమన్నాడు. మొదటిది ఊడొచ్చింది. రెండోదీ ఊడొచ్చింది. మూడోది నిలిచింది.

తర్వాత నేను మేలో తప్పించుకున్న చోటికి పంపించాడు, స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్స్ దగ్గరికి. టెస్ట్ ల్యాంప్ చేతికిచ్చి, "తాళం తీస్తే ఆరేది ఒకటి, ఆరనిది ఒకటి వెతుకు" అన్నాడు. అంతే, మొత్తం విద్య ఆ ఒక్క మాటలో ఉంది. సిగరెట్ లైటర్ ఫ్యూజ్ తాళంతో పాటు ఆరిపోయింది, దానికి ఫ్యూజ్ ట్యాప్ పెట్టి ఎర్ర తీగ. రూఫ్ లైట్ ఫ్యూజ్ ఆరలేదు, దానికి ఇంకో ట్యాప్ పెట్టి పసుపు తీగ. రెండిటికీ రెండేసి యాంపియర్ల ఫ్యూజులు, అక్కడే, మొదట్లోనే. తెల్ల తీగ పార్కింగ్ లైటు తీగకి, రాత్రి లైట్లు వేయగానే అంకెల వెలుతురు తగ్గేలా. అది నేను అసలు కలపనే లేదు. రాత్రుళ్లు ఆ నీలం వెలుతురు కళ్లలో కొడుతోందని నాన్న మూడు నెలలు ఒక్కసారి కూడా చెప్పలేదు. చేతి రుమాలు కప్పేవాడట. ఈ ముక్క అమ్మ తర్వాత చెప్పింది.

నల్ల తీగకి ఒక బోల్టు కింద పెయింట్ గీకి మెరిసే రేకు మీద బిగించాం. పెయింట్ మీద బిగిస్తే ఇవాళ పనిచేస్తుంది, రేపు మొరాయిస్తుంది. అద్దం పక్క స్తంభంలో కొత్త తీగల్ని కంపెనీ తీగల కట్టతో కలిపి కట్టాం, క్లిప్‌కి దూరంగా. ఇక్కడ ఒక మాట. మీది కొత్త కారైతే ఆ మూత మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసుందేమో చూడండి. ఉంటే దాని వెనక కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు. దాని ముందు నుంచి తీగ వేస్తే అది విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుంది. అలాంటి బండిలో మనం చేతులు పెట్టకూడదు. మా బండిలో ఎయిర్‌బ్యాగూ లేదు, ఆ గొడవా లేదు.

బ్యాటరీ కలిపాను. తాళం తిప్పాను, వెలిగింది. తాళం తీశాను. ముగ్గురం పైకి చూస్తూ కూర్చున్నాం. ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఆరిపోయింది. మీటర్ పెట్టి చూస్తే మొత్తం బండి తాగుతున్నది 0.02.

"ఎంతండీ?" అని అడిగాడు నాన్న.

"తీగలకి, ఫ్యూజులకి మూడొందల యాభై. పని పాప చేసింది, దానికి నేనెట్లా తీసుకుంటా" అన్నాడు భాయ్.

*

దిక్సూచి మాత్రం అప్పటికీ పిచ్చిపిచ్చిగా చూపిస్తోంది. కృష్ణానది వైపు వెళ్తుంటే ఉత్తరం అంటోంది. బండంతా ఇనుమే కదా, పైగా స్పీకర్ల అయస్కాంతాలు. డబ్బాకి ఈ బండి ఇనుము ఎంతో నేర్పించాలి. దానికి బటన్ నొక్కి పట్టుకుని, ఖాళీ స్థలంలో నెమ్మదిగా రెండు మూడు గుండ్రాలు తిరగాలి. కరెంటు స్తంభాలకీ రేకుల షెడ్లకీ దూరంగా. అమెరికాలో ఆ పాత డబ్బాలకి ఇంకో పని కూడా ఉండేది, ఏ ప్రాంతమో జోన్ నంబర్ పెట్టాలి. అక్కడ ఈ తీరం నుంచి ఆ తీరానికి వెళ్తే అయస్కాంతం చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా మారిపోతుంది. మన దగ్గర ఆ తేడా ఒకటి రెండు డిగ్రీలే, పట్టించుకోనక్కర్లేదు.

సాయంత్రం మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌కి తీసుకెళ్లాం. నాన్న డ్రైవింగ్, నేను బటన్. మొదటి రౌండ్‌కే గ్రౌండ్‌లో క్రికెట్ ఆడుతున్న పిల్లలు ఆట ఆపి చూడ్డం మొదలుపెట్టారు. రెండో రౌండ్‌కి అటుగా వెళ్తున్న ఒక పెద్దాయన సైకిల్ ఆపి, "ఏంటయ్యా, కొత్త బండా? ప్రదక్షిణలు చేస్తున్నావ్?" అని అరిచాడు.

"పాతదేనండీ, దిక్కులు మర్చిపోయింది" అన్నాడు నాన్న.

మూడో రౌండ్‌కి కుదిరింది. ఎన్‌ఈ అని వచ్చింది. అంటే ఏంటని అడిగాడు. ఈశాన్యం అన్నాను. అప్పటి నుంచి మా నాన్నకి ఇదో కొత్త సరదా. ఎవరు బండెక్కినా, "ఇప్పుడు మనం ఆగ్నేయంగా పోతున్నాం" అని చెప్పకుండా ఉండడు. మా పెదనాన్నకి ఇంటి వాకిలి ఈశాన్యానికి సరిగ్గా లేదని దీంతోనే తేల్చి చెప్పాడట, వాళ్లింట్లో రెండు రోజులు గొడవ. ఆ పాపం కూడా నాదే అని అమ్మ అంటుంది.

గ్రౌండ్ నుంచి వస్తూ ఎదురింటి ముందు ఆపాడు. ఆసుపత్రి నుంచి అక్కని ఆ ముందు రోజే తీసుకొచ్చారు. చీకటి గదిలో పాప గుడ్డల్లో చుట్టి ఉంది, నిద్రపోతోంది. నేను చెప్పాలనుకుని వెళ్లాను. అక్క నన్ను చూడగానే, "మీ నాన్న లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో అమ్మాయ్" అంది. నాకు నోరు పెగల్లేదు. కాసేపాగి, "బండి ఆగిపోయింది నా వల్లే అక్కా, నేను తీగ తప్పు కలిపాను" అన్నాను. తను ఒక్క క్షణం నన్ను చూసింది. వాళ్లమ్మ మాత్రం నా ముఖం చూడకుండా లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్క, "తోసేటప్పుడు ఆ కుదుపులకి నొప్పులు తెలీలేదులే" అంది. నవ్వించడానికి అందో, నిజంగానే అందో ఇప్పటికీ తెలీదు. వాళ్లమ్మ నేను వెళ్లేదాకా బయటికి రాలేదు. ఆవిడ ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది.

ఇంటికొచ్చాక నాన్న బండి ఆపి, అలవాటుగా పక్కనున్న బటన్ మీదకి వేలు పెట్టాడు. "అక్కర్లేదు నాన్నా, దానంతటదే ఆరుతుంది" అన్నాను. అయినా నొక్కాడు.

ఇప్పుడు మా నాన్న రోజూ పొద్దున ఆరున్నరకి నాకు వాట్సాప్‌లో ఫొటో పంపిస్తాడు. ఇదివరకు గులాబీ పూల మీద శుభోదయం వచ్చేది, ఇప్పుడు స్టార్ట్ చేయకముందు డబ్బా మీద కనిపించే వోల్టేజీ వస్తోంది. ఫొటో ఎప్పుడూ కొంచెం ఊగి ఉంటుంది. నేను బొటనవేలి బొమ్మ పెడతాను. నిన్న 12.5. ఇవాళ 12.4, కింద వాయిస్ మెసేజ్: "ఒక పాయింట్ తగ్గింది. రాత్రి చినుకులు పడి చల్లబడింది, దానివల్లే అనుకుంటా. మధ్యాహ్నం మళ్లీ చూసి పెడతా."

మధ్యాహ్నం పెట్టాడు. 12.5.